ఒక్కడినే నడిపే షాపు: ఉపాయంతో నెట్టుకురావాలా, మనిషిని పెట్టుకోవాలా?

పరకాల వైండింగ్ (రాత్రి 9:40)

అన్నలకు, అక్కలకు నమస్తే. నాది పరకాలలో మోటార్ వైండింగ్ షాపు, అంటే కాలిపోయిన నీళ్ల మోటార్లకు కొత్త తీగ చుట్టే పని. 2011 నుంచి ఒక్కడినే నడుపుతున్నా. ఇంట్లో రోజూ ఒకటే లొల్లి. ఒక పిలగాన్ని పెట్టుకో అని మా ఆమె, అవసరం లేదని నేను. మీరే తేల్చండి.

ముందు నా సంగతి చెప్తా. వైండింగ్ పనిలో ఒక్కడే ఉంటే రెండు కష్టాలు. మొదటిది లెక్క తప్పడం. మోనోబ్లాక్ (నీళ్ల పైన పెట్టే రకం) మోటారుకు కాయిల్ చుడుతుంటాం, అరవై ఏడో చుట్టు నడుస్తుంటుంది, అప్పుడే ఎవరో వచ్చి "అన్నా, మోటారు అయిందా?" అంటారు. తలెత్తామా, లెక్క పోయింది. మళ్లీ విప్పి మొదటి నుంచి. దీనికి నేను చేసిందేమిటంటే, పాత కాలిక్యులేటర్ ఒకటి విప్పి '=' మీట కింద రెండు వైర్లు అతికించా. వాటి చివరన అయస్కాంతం దగ్గరికొస్తే కలుసుకునే చిన్న గాజు స్విచ్చి. చుట్టే చక్రానికి అయస్కాంతం ముక్క అంటించా. 1 + 1 = అని ఒకసారి కొట్టి పెడితే, ఆ తర్వాత చక్రం తిరిగినప్పుడల్లా దానంతట అదే ఒకటి కలుపుకుంటూ పోతుంది. ఇప్పుడు మధ్యలో లేచి చాయ్ తాగొచ్చినా లెక్క ఎక్కడికీ పోదు.

రెండోది సబ్‌మెర్సిబుల్, బోర్లో దింపే మోటారు. దాంట్లో తీగను సందుల్లోంచి చేత్తోనే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు లాగాలి. ఎక్కడైనా ఇద్దరు కూర్చుంటారు, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. నేను పాత బండి వెనక చక్రం హబ్బు మీద స్టాండు చేయించి, మోటారు బాడీని నడుము ఎత్తులో పెట్టి గిర్రున తిప్పుకుంటా. రెండో మనిషి పని ఆ స్టాండే చేస్తుంది.

వార్నిష్ ఆరబెట్టేది కూడా సొంతంగా చేసిందే. ఇనుప డ్రమ్ములో 200 వాట్ల బల్బులు.

బోర్లోంచి మోటారు తీసి తేవడానికి షాపు మూసి ఊళ్లకు పోవాల్సి వస్తే షట్టర్ మీద పలక వేలాడదీస్తా. "ఏ ఊరు పోయిన, ఎన్నిటికి వస్త" రాసి ఉంటుంది. తాళంచెవి పక్కన చాయ్ హోటల్లో. రైతులు వాళ్లే తీసుకుని మోటారు లోపల దింపి, చీటీ రాసి పోతారు. ఇన్నేండ్లలో ఒక్క నట్టు కూడా పోలేదు.

మరి ఇంకో మనిషి ఎందుకు? ఉపాయం ఉన్నోడికి మనిషితో పనేముంది?

జమ్మికుంట సెల్ రిపేర్ (రాత్రి 10:05)

అన్నా, నీ మాటే కరెక్ట్. నేను పెట్టుకుని దెబ్బతిన్నా. మూడేండ్లు నేర్పించా, సోల్డరింగ్ పట్టుకోవడం నుంచి ఐసీ మార్చడం దాకా. నా కస్టమర్ల నంబర్లన్నీ వాడి ఫోన్‌లో ఎక్కించుకుని, నాలుగు షట్టర్ల అవతల దుకాణం తెరిచిండు. దసరా రోజు నా గిరాకీకే ఆఫర్ మెసేజ్ పెట్టిండు. అది నాకు కూడా వచ్చింది, అదీ సంగతి. పెట్టుకోకు.

లెక్కల సార్, జనగామ (రాత్రి 10:31)

కాలిక్యులేటర్ ఉపాయం చదివి చాలా సంతోషపడ్డాను తమ్ముడూ. కానీ ఆ కాలిక్యులేటర్‌తో ఇంకో లెక్క కూడా వేయవలసింది. వారానికి ఎన్నిసార్లు షాపు మూసి పోతావు? ఒక మోటారుకు ఎన్ని గంటలు?

పరకాల వైండింగ్ (రాత్రి 10:38)

సీజన్లో వారానికి రెండుసార్లు సార్. పోయి రావడానికి మూడు గంటలు. సబ్‌మెర్సిబుల్ ఒకటి కట్టడానికి ఆరు గంటలు పడుతుంది.

లెక్కల సార్, జనగామ (రాత్రి 10:52)

అంటే నెలకు ఇరవై నాలుగు గంటలు. నాలుగు మోటార్ల మజూరీ పలక మీద రాసి వేలాడదీస్తున్నావు. అది ఒక్క నట్టు పోవడం కంటే పెద్ద నష్టం కాదా?

ఇంకో మాట. నీ స్టాండు రెండో మనిషి పని చేస్తుంది అన్నావు. చెయ్యదు. రెండో మనిషి పనిని కూడా నువ్వే చేస్తున్నావు, స్టాండు తిరుగుతోంది అంతే. మన దగ్గర చిన్న వ్యాపారాల్లో అందరూ చేసే తప్పు ఇది. పెట్టుబడి లెక్క రాస్తారు, కరెంటు బిల్లు రాస్తారు, సొంత కూలి మాత్రం రాయరు. నీ మీద నువ్వు మిగుల్చుకున్నదాన్ని లాభం అనుకుంటున్నావు.

పరకాల వైండింగ్ (రాత్రి 11:10)

సార్, మీరు నెల లెక్క వేశారు, ఏడాది లెక్క వేయలేదు. మా పని యాసంగి పని. జనవరిలో నాట్లు పడ్డాక మొదలై ఏప్రిల్ దాకా రోజుకు నాలుగు మోటార్లు వస్తాయి, నేను రెండు చేస్తా. వానలు పడి చెరువులు నిండితే వారానికి రెండు రావు. ఆ పిలగానికి పన్నెండు నెలలు జీతం ఎక్కడి నుంచి తెచ్చి ఇయ్యాలి?

పైగా 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు అర్ధరాత్రి కరెంటు రాగానే ఆటో స్టార్టర్లతో ఊరి మోటార్లన్నీ ఒకేసారి లేచేవి. ఓల్టేజీ పడిపోయి పొద్దున్నే నా షాపు ముందు ట్రాలీలు. అట్లాంటి పొద్దులు ఇప్పుడు తగ్గినయి. రైతుకు మంచిదే, కాదనను. నా గిరాకీ మాత్రం అప్పటిలా లేదు. బోర్లో నీళ్లు అడుగంటి ఖాళీగా తిరిగినప్పుడో, ఒక ఫేజు పోయినప్పుడో కాలేవే ఇప్పుడు ఎక్కువ.

నయీంనగర్ బ్లౌజులు (ఉదయం 6:15)

మీ మగవాళ్ల చర్చ భలే ఉంది. మనిషిని పెట్టాలా వద్దా, అంతేనా? మధ్యలో ఇంకేం లేదా?

నేను పద్నాలుగేండ్ల నుంచి హనుమకొండలో ఒక్కదాన్నే కుడుతున్నా. మిషన్ దగ్గర ఇంకో మనిషి లేదు, ఉండదు కూడా. కటింగు నాది, కుట్టు నాది. కానీ హుక్కులు, కాజాలు, చీర ఫాలు, చేతికుట్టు నేను ముట్టను. మా గల్లీలో ఇద్దరు ఆడవాళ్లకు పీసుకు ఇంత అని ఇస్తా. సాయంత్రం సంచి పంపుతా, పొద్దున సంచి వస్తుంది. బతుకమ్మ ముందు ఆ ఇద్దరు నలుగురవుతారు. పండుగ పోయాక మళ్లీ ఇద్దరే. జీతం గొడవ లేదు, వాళ్లకూ పని ఉంటుంది, నా కొలతల పుస్తకం నా దగ్గరే ఉంటుంది.

ఇంకోటి, నాకు బాగా కలిసొచ్చిన ఉపాయం మిషన్ది కాదు, నోటిది. ఎంగిలిపూల బతుకమ్మకు పది రోజుల ముందు నుంచి కొత్త గుడ్డ తీసుకోను. చుట్టాలొచ్చినా తీసుకోను. మొదటేడు తిట్టిండ్రు. రెండో ఏడు నెల ముందే తెచ్చిచ్చిండ్రు. తమ్మీ, నువ్వు రోజుకు నాలుగు వస్తే నాలుగూ తీసుకుంటున్నావు కదా, రెండు చేస్తూ. మిగిలిన రెండు మోటార్ల రైతులు నీ షాపు ముందు ఎండలో కూర్చుంటున్నారు. పొలం ఎండుతుంటే వాళ్ల టెన్షన్ నీ ఉపాయంలో లెక్కకు వచ్చిందా?

కొత్తవాడ దారం (ఉదయం 8:02)

అక్క మాట నిజమే, కానీ ఒక్కడి ఉపాయాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. మాది నేత ఇల్లు. మన జనగామ దాటితే ఆలేరు, అక్కడి చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలియనిది కాదు. చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, వాళ్లమ్మ వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి, భుజం పడిపోయేది. అది చూడలేక 1992లో మొదలుపెట్టి 1999లో మిషన్ చేశారు. అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంజినీరింగ్ చదివిన మనిషి కాదు. ఆ రోజుల్లో ఎవరైనా "ఇంకో కూలి మనిషిని పెట్టుకో" అని సలహా ఇచ్చి ఉంటే మిషన్ వచ్చేదా?

లెక్కల సార్, జనగామ (ఉదయం 8:40)

మంచి ఉదాహరణ తెచ్చారు, కానీ అది నా వైపే వస్తుంది. చివరన అడ్డుపడిన భాగానికి దారి ఆయనకు దొరికింది హైదరాబాద్ బాలానగర్‌లో ఒక వర్క్‌షాపు మిషన్ దగ్గర. తలుపేసుకుని ఒక్కడే కూర్చుంటే దొరికేది కాదు. పైగా ఆ మిషన్ వాళ్ల అమ్మ ఒక్కదాని దగ్గరే ఆగలేదు, ఎన్నో నేత ఇండ్లలో ఉందిప్పుడు. మన పరకాల తమ్ముడి కాలిక్యులేటర్ పదేండ్లుగా ఆ షట్టర్ దాటలేదు.

జీతం సంగతికి వస్తే తమ్ముడు చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. ప్రభుత్వ అప్రెంటిస్ చట్టం కూడా నీకు ఆసరా కాదు, కనీసం నలుగురు పనిచేసే చోటైతేనే అప్రెంటిస్‌ను తీసుకోవచ్చు.

నయీంనగర్ బ్లౌజులు (ఉదయం 9:20)

2023లో వచ్చిన విశ్వకర్మ పథకం కూడా అంతే సార్. పద్దెనిమిది చేతివృత్తుల్లో మా దర్జీ పని ఉంది, వైండింగ్ లేదు. చేతిపనే కదా అది కూడా!

ఆ పిలగాన్ని నేనే (మధ్యాహ్నం 1:25)

నిన్న రాత్రి నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని. జమ్మికుంట అన్నకు కోపం రావొచ్చు. మీరంతా తిడుతున్న ఆ పిలగాన్ని నేనే. అంటే అన్న షాపులో పిలగాన్ని కాదు, నా కథ వేరే ఊరిది. పని కూడా ఇదే, వైండింగ్.

ఆరేండ్లు చేశా. పాత తీగ పీకడం, సందులు గీకి శుభ్రం చేయడం, పేపర్ కోయడం, మోటారు మోయడం. ఏ మోటారుకు ఎంత గేజు (తీగ మందం), ఎన్ని చుట్లు అనేది మా ఓనర్ పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం బీరువాలో, తాళంచెవి మొలతాడుకు. అడిగితే "నీకెందుకురా" అనేవాడు. కాలిపోయిన తీగంతా గోనెసంచిలో వేసి పాత సామాన్ల వాడికి అమ్మేవాళ్లం. నేను రాత్రి షాపులోనే పడుకునేవాణ్ని. సంచిలోంచి ఉలితో కొట్టిన కాయిల్ ఒకటి తీసి, కోసిన చివర వేలితో ఒక్కొక్క తీగ పక్కకు జరుపుతూ లెక్కపెట్టేవాణ్ని. మసికి వేళ్లు నల్లగా అయ్యేవి, కాలిన వాసన అన్నం తినేటప్పుడు కూడా వచ్చేది. సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నా. అట్లా రెండేండ్లలో నూటపదమూడు మోటార్ల లెక్క నా దగ్గర తయారైంది.

మీరు ఉపాయం, ఉపాయం అంటున్నారు కదా. అది కూడా ఉపాయమే.

ఎదురుగా షాపు పెట్టానని నన్ను దొంగ అన్నాడు. ఏం దొంగిలించా? ఆయన పారేసిన చెత్త లెక్కపెట్టుకున్నా. ఆయన చెప్పి ఉంటే ఈరోజుకీ అక్కడే ఉండేవాణ్నేమో. ఉండకపోయేవాణ్నేమో కూడా, అబద్ధం చెప్పను.

జమ్మికుంట సెల్ రిపేర్ (మధ్యాహ్నం 2:10)

నువ్వు చెత్త లెక్కపెట్టుకున్నావు తమ్మీ, మావాడు నా ఫోన్ నంబర్లు ఎత్తుకపోయిండు. రెండూ ఒకటి చెయ్యకు. నేను ఏమీ దాయలేదు, అన్నీ చెప్పా. అయినా పోయిండు.

పరకాల వైండింగ్ (రాత్రి 9:15, నాలుగు రోజుల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నా, పని ఎక్కువుంది.

"పిలగాడు" తమ్మీ రాసింది చదివినప్పటి నుంచి మనసు ఒక తీరుగా ఉంది. ఎందుకంటే నా దగ్గర కూడా బీరువా ఉంది. పుస్తకం ఉంది. మనిషిని వద్దనడానికి జీతం ఒక్కటే కారణం కాదు, ఇక్కడ ఒప్పుకుంటున్నా, ఇంట్లో చెప్పకండి.

అక్క మాట సగం పట్టుకున్నా. ఊళ్లకు పోవడం మానేశా. బోర్లోంచి మోటారు తీసి తెచ్చే పని పైపులు దించే ముఠాకే అప్పజెప్పా, మోటారుకు ఇంత అని. పలక తీసేశా. మూడో మోటారు వస్తే "ఎల్లుండి ఇస్తా, తొందరుంటే వేరే దగ్గర చూసుకో" అని మొహం మీదే చెప్తున్నా. ఒకాయన తిట్టి హుజూరాబాద్ తీసుకపోయిండు. బాధనిపించింది.

మొన్న మా గల్లీ పిలగాడు ఒకడు, పంతొమ్మిదేండ్లు, ఇంటర్ తప్పి ఖాళీగా తిరుగుతున్నోడు, వచ్చి సబ్‌మెర్సిబుల్ ఆ చివర కూర్చున్నడు. యాసంగి అయ్యేదాకా, మోటారుకు ఇంత అని మాట్లాడుకున్నాం. స్టాండు పక్కన పెట్టాం. ఆరు గంటల పని నాలుగుంపావుకు అయింది. సార్, రాసుకోండి.

తీగ లాగుతూ గంట కూడా కాకముందే అడిగిండు, "అన్నా, దీనికి ఎన్ని చుట్లు?"

కాసేపు వినపడనట్టు ఉన్నా. తర్వాత చెప్పా. గేజు కూడా చెప్పా. పుస్తకం మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది.

ఆ పిలగాన్ని నేనే (రాత్రి 9:32)

అన్నా, ఆ కాలిక్యులేటర్ దానంతట అదే ఆరిపోదా మధ్యలో? నేను ఒకటి చేసి చూశా, చాయ్ తాగొచ్చేసరికి ఆరిపోయి లెక్క పోయింది.

పరకాల వైండింగ్ (రాత్రి 9:36)

చవక రకం కొను తమ్మీ, ఆన్ చేసి పావుగంట ఆ దుకాణం దగ్గరే నిలబడి చూడు. ఆరిపోనిదే తెచ్చుకో.