కేదార్‌కాంత దిగుడుకి మోకాలు ఓర్చుకుంటుందా?

డిసెంబర్ ఆఖర్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంత కొండ ఎక్కడానికి టికెట్లు తీసేశాం. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ, అక్కణ్ణుంచి నడక. దారిలో వచ్చే జూడా కా తాలాబ్ చెరువు దాకా బెంగలేదు. అర్ధరాత్రి దాటాక లేచి, తలకి లైటు కట్టుకుని, మంచులో 12,500 అడుగుల శిఖరం ఎక్కాలట, అక్కడే భయం. నాకు 46 ఏళ్లు. తిరుమల మెట్లు ఆగకుండా ఎక్కుతా, దిగేటప్పుడే ఎడమ మోకాలు కలుక్కుమంటుంది.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: దిగుడులో జారుడు ఎక్కువా? రెండు చేతికర్రలు సరిపోతాయా, మోకాలి పట్టీ కూడా వేసుకోవాలా? బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు సాంక్రీలో అద్దెకు దొరుకుతాయా, ఇక్కడే కొనుక్కోవాలా? పైనుంచి స్వర్గారోహిణి శిఖరం కనబడుతుందంటే, "చూసి తిరిగిరండి, పాండవుల్లా అటే పోకండి" అంటోంది మా ఆవిడ.