ఇంట్లో చేసుకున్న అక్వేరియం హుడ్‌లో (లైట్లుండే పై మూతలో) రిఫ్లెక్టర్‌కి ఏది మంచిది: రేకా, ఫాయిలా, తెల్ల పెయింటా?

వేళచేరి_మొక్కలతొట్టి: రెండున్నర అడుగుల తొట్టి, అంతా మొక్కలే. ప్లైవుడ్ హుడ్ నేనే చేశాను. 24 వాట్ల టీ5 (సన్నరకం) ట్యూబులు రెండు. పైకి పోయే వెలుగు వృథా అవుతోంది. లోపల ఏం వేయమంటారు? కొళత్తూర్‌లో ఒక షాపులో అడిగితే రెడీమేడ్ లైటు కొనుక్కోమన్నారు.

అంబత్తూర్_రేకు: మన చెన్నై పారిస్ కార్నర్‌లో మెరిసే అల్యూమినియం రేకు తీసుకోండి. చదునుగా బిగించకండి. చదును రేకు వెలుగులో కొంత మళ్లీ ట్యూబు మీదికే కొడుతుంది, అది నీళ్లలోకి దిగదు. ప్రతి ట్యూబు వెనకా రేకును నడిమికి మడిచి, ఆ మడత ట్యూబు వైపు పొడుచుకొచ్చేలా పెట్టండి. వెలుగు రెండు పక్కలకీ చీలి కిందికి వస్తుంది.

మైలాపూర్_తెలుపు: అంత శ్రమ దేనికి? మంచి మ్యాట్ తెల్ల పెయింటు తన మీద పడిన వెలుగులో 80 శాతం పైనే తిప్పి పంపుతుంది. కొత్త ఫాయిల్ అయితే 88 దాకా. ఆ కాస్త తేడాకి నీళ్ల మీద లోహం పెట్టాలా? ప్రైమర్ కొట్టి రెండు కోట్లు వేయండి, ప్లైవుడ్ కూడా చెమ్మకి ఉబ్బదు.

అంబత్తూర్_రేకు: మళ్లీ శాతాలేనా? పెయింటు వెలుగును నలువైపులా చల్లుతుంది, రేకు మనం చెప్పిన దిక్కుకి పంపుతుంది. తొట్టి అడుగున నేలబారు మొక్కలకి కావాల్సింది అదే.

మైలాపూర్_తెలుపు: హుడ్ మూసే ఉంటుంది కదండీ. చల్లిన వెలుగు ఎక్కడికి పోతుంది? ఇంకో తెల్ల గోడకి తగిలి కిందికే వస్తుంది.

తాంబరం_బెట్టా: ఎల్ఈడీ పెట్టేయండి. దాని వెలుగు ఎలాగూ కిందికే పడుతుంది.

వేళచేరి_మొక్కలతొట్టి: ట్యూబులు, చోక్ కొనేశానన్నా. పోనీ, అద్దం ముక్కలు?

అంబత్తూర్_రేకు: వద్దు. పూత వెనక ఉంటుంది కాబట్టి వెలుగు గాజులోంచి రెండుసార్లు పోవాలి. బరువు కూడా. చెమ్మకి అంచుల నుంచి నల్లబడుతుంది. రేకే పెట్టండి. తెలుపు గారు రేకు మాట వినపడితే చాలు అడ్డం పడతారు. చేత్తో పని చేయనివాళ్లకి అన్నీ కష్టంగానే కనిపిస్తాయి.

మైలాపూర్_తెలుపు: నా చేతుల సంగతి మీకెందుకు? పోయిన వానాకాలం మా తమ్ముడి ఇంట్లో ఫాయిల్ అంచు ఊడి ట్యూబు పిన్ను మీద వాలింది. మా మరదలు ఒక చెయ్యి నీళ్లలో పెట్టి రెండో చేత్తో హుడ్ పట్టుకుంది. షాక్ కొట్టి వెనక్కి పడిపోయింది. హుడ్ కట్టిన షాపువాడు తనకు సంబంధం లేదన్నాడు. అద్దె ఇల్లు, ఎర్త్ లేదు.

అంబత్తూర్_రేకు: ఆమె బాగున్నారా? ఆ మాట ముందే చెప్పాల్సింది. కానీ తప్పు రేకుది కాదు, వైరింగ్‌ది. రేకుకి ఎర్త్ ఇవ్వాలి, హోల్డర్లకి నీళ్లు చొరబడని మూతలు పెట్టాలి, ఇంటికి 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి. అది ఉంటే కరెంటు ఒంట్లోకి దిగిన క్షణంలోనే ట్రిప్ అయ్యేది.

మైలాపూర్_తెలుపు: బాగానే ఉంది ఇప్పుడు. అద్దె ఇళ్లలో అవన్నీ ఎంతమందికి ఉంటాయి? సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. మీరు ఉండాల్సిన ఇంటికి సలహా ఇస్తున్నారు. నేను ఉన్న ఇంటికి ఇస్తున్నాను.

అంబత్తూర్_రేకు: అలాగైతే ఫిల్టర్ కూడా పెట్టొద్దనాలి, అది ఏకంగా నీళ్లలోనే ఉంటుంది. పెయింటు వేసినా హోల్డర్ ఆ ఆవిరిలోనే కదా? భయపడి పెయింటు వేసినవాడు ఎర్త్ సంగతి ఎప్పటికీ చూసుకోడు. నా బాధ అది.

మైలాపూర్_తెలుపు: చూసుకోమనే నేనూ అంటాను. కానీ ఎక్కడో ఒక్క చోట లీకైన కరెంటును రేకు హుడ్ అంతటికీ మోసుకొస్తుంది. పొడి చెక్క మోయదు.

వేళచేరి_మొక్కలతొట్టి: మాదీ అద్దె ఇల్లే. ఎర్త్ ఉందో లేదో ఓనర్‌కే తెలియదట. రేపు ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు. ముందు పెయింటు వేసేస్తున్నాను.

అంబత్తూర్_రేకు: వేయండి. ఆర్‌సీసీబీకి ఎంతవుతుందో కూడా అతన్నే అడగండి, ఓనర్ ఇవ్వకపోతే మీరే పెట్టించుకోండి. అదయ్యాక ట్యూబుల మధ్య దూరం చెప్పండి, రేకు మడతలు గీసి పెడతాను.

మైలాపూర్_తెలుపు: ఆర్‌సీసీబీ మాత్రం తప్పకుండా పెట్టించండి. రేకు అప్పుడూ వద్దనే చెప్తాను.