సీఎస్‌పీలో నీళ్ల సర్వే: పిల్లకాయలకు ముందు ఏం నేర్పాలి?

చిత్తూరు_లెక్చరర్
30 మంది బీఎస్సీ సెకండ్ సెమ్ పిల్లకాయలు, 180 గంటల సీఎస్‌పీ (కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్). నలభై ప్రశ్నల ఫారం నింపించి బైండింగ్ చేయించడం వద్దనుకుంటున్నా. చుట్టుపక్కల పల్లెల్లో తాగే నీళ్లు పరీక్ష చేయించాలని ఉంది. పంపేముందు ఏం నేర్పాలి?

బోరుబావి
మొదటి మూడు రోజులు ల్యాబ్ దాటనీయకండి సార్. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ నిజానికి కొలిచేది నీటి వాహకతను, అంటే నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో. దాన్ని ఒక మీటర్ 0.5తో, ఇంకొకటి 0.7తో హెచ్చిస్తుంది, అందుకే ఒకే నీటికి రెండు అంకెలు. 0.7456 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కరిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో సరిగ్గా లీటరు చేయండి. 25 డిగ్రీల దగ్గర వాహకత 1413 మైక్రోసీమెన్స్ చూపాలి. చూపకపోతే ఆ మీటర్ ఊళ్లోకి వద్దు.

శాంపిల్‌కు ముందు మోటారు 5–10 నిమిషాలు ఆడాలి, లేదంటే పైపులో నిలిచిన నీళ్లే పడతాయి. అవే నీళ్లతో సీసా మూడుసార్లు తొలపాలి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా పనికిరాదు, ప్లాస్టిక్‌దే వాడాలి. పీహెచ్ అక్కడికక్కడే చూసేయాలి. కార్బన్ డయాక్సైడ్ పోయేకొద్దీ అంకె పెరుగుతుంది.

మొరవ_కింద
అసలు ఆ బోరు నీళ్లు ఎవరైనా తాగుతున్నారా? చాలా ఊళ్లలో తాగేది ఆర్‌ఓ ప్లాంటు క్యాను, బోరు నీళ్లు వాడకానికే. ముందు అది అడిగించండి, ఫారంలో ఆ ఒక్క ప్రశ్న చాలు.

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్కన తాగే నీళ్లలో ఉండదగ్గ ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. నైట్రేట్ 45, దానికి సడలింపు లేదు. అక్కడికక్కడ పరీక్ష చేసే కిట్‌లో రంగు చూసి ఊళ్లో చాటేయొద్దు, ఎక్కువ వచ్చినవి ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్‌తో మళ్లీ చూపించండి. పరీక్ష సరిగ్గా చేస్తున్నారో లేదో తెలియడానికి పది సీసాలకు ఒకటి అదే నీళ్లు వేరే నంబరుతో, ఒకటి డిస్టిల్డ్ వాటర్ కలపండి. చేసేవాళ్లకు ఏది ఏదో తెలియకూడదు.

తూము
మే, జూన్‌లో మామిడి కోతలు, పొద్దున ఉపాధి పని. ఇళ్ల దగ్గర మనుషులు దొరకరు, సాయంత్రం పాలు పోసే వేళకు వెళ్లండి. మన వైపు ఈశాన్య రుతుపవనం వానలూ బాగా పడతాయి కాబట్టి అవే బోర్లు జనవరిలో మళ్లీ చూడకపోతే ఎండాకాలం అంకె ఒక్కటే మిగులుతుంది.

చిత్తూరు_లెక్చరర్
ఐస్ పెట్టె తప్పదా?

బోరుబావి
నైట్రేట్ సీసాలకు తప్పదు, అవీ 48 గంటల్లోపు పరీక్ష అయిపోవాలి. నంబరు మూత మీద రాయనీయకండి, మూతలు మారిపోతాయి. సీసా మీదే పర్మనెంట్ మార్కర్‌తో రాయించండి. స్కెచ్ పెన్ను ఐస్ తడికి చెరిగిపోతుంది.