సమస్య: విరిగినపుడె ముద్ర విలువ నిలుచు

నిర్వాహకుడు (తిరుపతి): ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. ముద్ర అంటే దారిలో ఎవరైనా విప్పితే తెలిసిపోయేలా పార్సిల్ మీద వేసే లక్కముద్ర. విరిగాక విలువ ఎలా నిలుస్తుందో మీరే తేల్చండి.

గ్రీమ్స్‌పేట మాస్టారు (చిత్తూరు):

మైన మెక్కువైన మడతపడు నతుకు
తెరచి చూచి దొంగ తిరిగి యతుకు
పెళుసు గలుగవలయుఁ బిసరంత యైనను
విరిగినపుడె ముద్ర విలువ నిలుచు

నిర్వాహకుడు: చాలా బాగుంది మాస్టారూ. ‘అతుకు’ ఒకచోట నామవాచకం, ఒకచోట క్రియ. అది నాకు బాగా నచ్చింది.

శ్రీకాళహస్తి చెల్లెలు:

గుగ్గిలమును లక్కఁ గలిపి కాఁచి యొకతె
కట్టమీఁదఁ బోయఁ గదలఁ బగిలె
చేరవలసినట్టి చేతిలో మాత్రమే
విరిగినపుడె ముద్ర విలువ నిలుచు

ఆ ఒకతె నేనే. కలంకారీ చీరలు ఇన్సూర్డ్ పార్సిల్‌గా పంపడానికి గుడ్డ కుట్టు మీద లక్క పోశాను. అద్దంలా మెరిసింది. కౌంటరు బల్ల మీద పెట్టేసరికి గుడ్డ కాస్త వంగింది, ముద్రకు అడ్డంగా వెంట్రుకంత గీత పడింది. ఇంటికొచ్చి మళ్లీ కాచాను. ఈసారి 60 గ్రాముల లక్కకు 6 గ్రాముల తేనెమైనం వేశాను. తడి పలక మీద సన్నని పట్టీలా పోసి, ఆరాక వేళ్లతో వంచి చూశాను. కొంచెం వంగి, ఆ తర్వాతే టక్కున విరిగింది.

నిర్వాహకుడు: మూడో పాదంతో సమస్య విడిపోయిందమ్మా! మొదటి పాదంలో మాత్రం యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి, తప్పింది. గు, గ హల్లులు ఒకటే కానీ అచ్చులకు మైత్రి లేదు. ‘గలిపి’ తీసేసి ‘గూర్చి’ పెట్టండి.

మాస్టారు: పద్యం సరే తల్లీ, మైనం ఎక్కువేమో. అది కరిగేదే 62–64 డిగ్రీల దగ్గర, మెత్తబడేది ఇంకా ముందే. మన మే నెల ఎండలో ఆగిన వ్యాను లోపల ఎలా ఉంటుందో ఆలోచించు. లక్కను ఎక్కువసేపు కాయకు, మళ్లీ కరగని ముద్దవుతుంది.

నిర్వాహకుడు: యూరప్‌లో మధ్యయుగాల ముద్రల్లో తేనెమైనమే ప్రధానం, దాంట్లో లార్చ్ చెట్టు బంక కలిపేవారు. మన వైపు నుంచి లక్క వెళ్లింది 16వ శతాబ్దంలో. పెళుసు, మెరుపు రెండూ దాంతోనే వెళ్లాయి.

చెల్లెలు: సవరించాను మాస్టారూ: ‘గుగ్గిలమును లక్కఁ గూర్చి కాఁచి యొకతె’. మైనం 4 గ్రాములకు తగ్గించి, చిటికెడు సుద్దపొడి వేసి సన్నసెగ మీద మళ్లీ పెట్టాను. పట్టీ ఇంకా పలక మీదే ఉంది, ఆరాక వంచి చూస్తాను.