రద్దీ రోడ్డుపై సైకిల్: అంచున తొక్కాలా, కాస్త లోపలికా?

కొత్త సవారీ: ఇకపై పనికి సైకిల్ మీదే వెళ్లాలనుకుంటున్నాను. రోడ్డుపై ఎక్కడ తొక్కాలి, హెల్మెట్, లైట్లు ఎలాంటివి కొనాలి, వానలో ఏ జాగ్రత్తలు అవసరం? అనుభవజ్ఞులు చెప్పగలరు.

మణికట్టు: ముందుగా, ఆగి ఉన్న కార్లకు కనీసం మీటరు దూరంలో తొక్కండి. ఒక కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుని నా హ్యాండిల్ కొసకు తగలగానే, హ్యాండిల్ తలుపు వైపే గిర్రున తిరిగి, నన్ను వాహనాల మధ్యకు విసిరేసింది. మణికట్టు నేటికీ పూర్తిగా వంగదు.

నిదానం: అంత లోపలికి వస్తే వెనుకవారు హారన్ మోగిస్తూనే ఉంటారు. అంచునే వెళ్లడం మర్యాద, క్షేమం కూడా.

మణికట్టు: క్షేమమా? హారన్ మోగించినవారు మిమ్మల్ని చూసినట్టే కదా! అంచున గుంత ఎదురై మీరు చటుక్కున పక్కకు జరిగినప్పుడే, చూడనివారు గుద్దుతారు. కొత్తవారికి ఇలాంటి సలహా ఇవ్వకండి.

నిదానం: నేనూ ఏళ్ల తరబడి తొక్కుతున్నవాడినే. మీకు దెబ్బ తగిలినంత మాత్రాన మా అనుభవం అబద్ధమైపోదు.

లారీ డ్రైవరు: తలుపు విషయంలో తప్పు కారులోనివారిది. తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తెరిస్తే ఒళ్లు తిరిగి చూపు వెనక్కి పోతుందని బ్రిటన్ రోడ్డు నియమావళి అయిన హైవే కోడ్‌లో 2022లో చేర్చారు. అయితే స్టీరింగ్ పట్టినవాడిగా చెబుతున్నాను, అసలు ప్రాణాంతకం మలుపు. పెద్ద బండి తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రాక లోపలికి కోసుకొస్తాయి కాబట్టి, సిగ్నల్ దగ్గర సందు దొరికిందని మలుపు వైపు దూరితే తప్పించుకునే చోటుండదు. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే, ఆ అద్దంలో అతనికి మీరూ కనబడరు.

నిదానం: ఈ మాట ఒప్పుకుంటాను. లారీ పక్కన నేనూ ఆగను, వెనకే ఉంటాను.

నురుగు టోపీ: హెల్మెట్‌ను అతిగా నమ్మకండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078లో హెల్మెట్‌ను చదునైన దిమ్మెపై పడేసే పరీక్షలో తాకిడి వేగం సెకనుకు 5.42 మీటర్లు, అంటే గంటకు 20 కిలోమీటర్ల లోపే. లోపలి నురుగు నలిగి దెబ్బను మింగుతుంది, మళ్లీ ఉబ్బదు. గట్టిగా పడ్డాక మార్చాల్సిందే.

మణికట్టు: వెనుక ఎర్ర లైటుతో పాటు చీలమండలకు మెరిసే పట్టీలు కట్టుకోండి. పైకీ కిందికీ ఆడే ఆ మెరుపును బట్టి, తొక్కుతున్నది మనిషని చీకట్లో దూరం నుంచే పోల్చుకుంటారు.