షెల్టర్ కేస్ మీటింగ్‌లో అనుకున్న పనులు కదలడం లేదు, ఏం చేయాలి?

కర్నూలులో పట్టణ నిరాశ్రయుల షెల్టర్‌లో పనిచేస్తున్నాను. ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటికి, ఇక్కడుండే ఒక్కొక్కరి సమస్య మాట్లాడుకునే కేస్ మీటింగ్ ఉంటుంది. మేనేజరు, కేర్‌టేకర్, నేను, ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త), వార్డు సచివాలయం నుంచి వెల్ఫేర్ సెక్రటరీ, న్యాయ సేవాధికార సంస్థ వాలంటీరు కూర్చుంటాం.

గంటలో అయిపోవాల్సింది ఐదు దాటుతోంది. మొదటి రెండు కేసులకే టైమంతా పోతుంది. నాలుగింటికి ఏఎన్ఎం లేచిపోతుంది, టీబీ మందులు మధ్యలో ఆపేసినాయన సంగతి ఆ తర్వాత వస్తుంది.

మతిస్థిమితం లేక తిరిగేవాళ్ల కేసులు పెద్దగా ఆగవు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పోలీసులు 24 గంటల్లో ఆసుపత్రికి చేర్చాలి కాబట్టి ఎవరి పనో స్పష్టం. ఆగేదంతా కాగితాల దగ్గరే. రైల్వే స్టేషన్ దగ్గర దొరికిన ఒక పెద్దాయనకు బేల్దారి పనితో వేలిగీతలు అరిగిపోయినాయి. కంటిపాపతో ఆధార్ తీసే వీలుంది గానీ ఆ పని కదలడం లేదు, ఆధార్ లేనిదే పింఛను రాదు. రిజిస్టర్‌లో ఆయన పేరు పక్కన వారం వారం అదే మాట: 'ప్రయత్నిస్తున్నాం'. ఎవరు ప్రయత్నిస్తున్నారో మాత్రం ఉండదు!

ఫోన్‌లో టైమర్ పెట్టి కేసుకు పది నిమిషాలన్నాం. ఆరోగ్యం కేసులు ముందుకు జరిపినాం. రెండూ కొన్నాళ్లే నడిచినాయి. వాట్సాప్ గ్రూపులో గుర్తు చేస్తే రోగాల వివరాలు అందరి ఫోన్లలోకి పోతున్నాయని ఆపేసినాం. పని పంచుదామంటే, బయటి శాఖలవాళ్లకు మా మేనేజరు పైఅధికారి కాదు, గట్టిగా అడగలేడు.

ఇట్లా వేర్వేరు శాఖలవాళ్లు కలిసే మీటింగ్‌లో, ఒక్కో పనికి ఒక మనిషిని, ఒక తేదీని ఖాయం చేసి, అది జరిగేలా మీరెట్లా చూసుకుంటున్నారు?