ఎస్పోలో అబ్బాయికి గిటారు: పాతవారి సలహా కావాలి

కిలో పేట నుంచి, వచ్చి మూడు నెలలు:

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల విజయవాడ నుంచి ఫిన్లండ్‌లోని ఎస్పో వచ్చాం. అబ్బాయికి 14 ఏళ్ళు. ఇక్కడ బడిలో దొరికిన మొదటి స్నేహితుడు వాడికి అలెక్సి లైహో అనే ఆయన పాటలు వినిపించాడు. గిటారు వాయిస్తూ అరిచి పాడే 'మెటల్' సంగీతమట. ఆయన ఈ ఊళ్ళోనే పుట్టాడట. అప్పటినుంచి గిటారు కావాలని ఇంట్లో ఒకటే పోరు. నావి రెండే ప్రశ్నలు. కొనకుండా గిటారు దొరికే మార్గం ఉందా? అపార్ట్‌మెంటులో ఎన్ని గంటల వరకు వాయించవచ్చు? ఆ పాటలు నా చెవికి పాటల్లా లేవు, అది వేరే సంగతి.

టాపియోలా నుంచి, వచ్చి 16 ఏళ్ళు:

అమ్మా, స్వాగతం. గిటారు ఎక్కడికీ పోదు. ముందు మీ అద్దె ఒప్పందం తీసి చూడండి. అందులో 'మారఐకైనెన్' అని ఉందా, 'తోయిస్తైసెక్సి' అని ఉందా? మొదటిది గడువు ఒప్పందం, రెండోది గడువు లేనిది. ఈ ఒక్క మాట తెలియక నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

2012లో ఏడాది గడువు ఒప్పందం మీద సంతకం పెట్టాను. కాగితాలన్నీ ఫిన్నిష్‌లోనే. ఇంటి యజమాని చక్కగా కాఫీ ఇచ్చాడు, దాల్చినచెక్క బన్ను కూడా పెట్టాడు, నేను కాగితం తిప్పకుండానే సంతకం చేశాను. నాలుగో నెలలో దూరాన ఊలు నగరంలో మంచి ఉద్యోగం వచ్చింది. ఒక నెల ముందు చెబితే చాలునని మన మిత్రులందరూ అన్నారు. చెప్పాను. ఆ నియమం గడువు లేని ఒప్పందానికే అని ఆయన నవ్వుతూ చెప్పాడు. ఎనిమిది నెలలు అక్కడొక అద్దె, ఇక్కడొక అద్దె. ఖాళీ చేశాక వంటగదిలో పోపు వాసన పోలేదని అడ్వాన్సులో కొంత పట్టుకున్నాడు. మా ఆవిడ ఆ రోజు నుంచి బన్ను తినలేదు.

మీ అబ్బాయి దేవుడిలా కొలిచే ఆయనకీ మొదట్లో ఇదే గండం వచ్చింది. లైహో, డ్రమ్స్ వాయించే యాస్కా రాటికైనెన్ కలిసి 1993లో 'ఇనర్త్‌డ్' అనే బృందం పెట్టారు. ఒక బెల్జియం రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. ఆ తర్వాత ఇక్కడి స్పైన్‌ఫామ్ కంపెనీ ఇంకా మంచి అవకాశం ఇచ్చింది. ఏం చేయాలి? పాత ఒప్పందం నుంచి తప్పించుకోవడానికి బృందం పేరు మార్చుకున్నారు. టెలిఫోన్ డైరెక్టరీ తిరగేస్తే బోడమ్ చెరువు పేరు కనబడింది. అలా 1997లో 'చిల్డ్రన్ ఆఫ్ బోడమ్' అయింది. నాకు మాత్రం పేరు మార్చుకునే వీలు లేకపోయింది.

లెప్పావారా నుంచి, 11 ఏళ్ళు:

అన్నయ్యగారూ, ఈ కథ మీరు చెప్పడం నాకు తెలిసి ఇది నాలుగోసారి. గడువు ఒప్పందమైనా, ఉద్యోగం కోసం వేరే ఊరికి మారవలసి వస్తే కోర్టు అనుమతితో ముగించుకునే దారి చట్టంలో ఉంది. మీరు వెళ్ళలేదు, అంతే. చెల్లీ, అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించి అడగకూడదు, అది గుర్తుంచుకోండి చాలు.

ఇక లైహో సంగతి. ఆయన 1979 ఏప్రిల్ 8న మన ఎస్పోలోనే పుట్టాడు. ఏడేళ్ళకు వయొలిన్, పదకొండేళ్ళకు గిటారు. ఆ తర్వాత సంగీతం నేర్చింది ఓలుంక్యులా పాప్ జాజ్ కన్సర్వేటరీలో. అంటే కేవలం గొడవ చేసే మనిషి కాదు, చదువుకున్న చెయ్యి. 2000లో వచ్చిన 'ఫాలో ద రీపర్' ఆల్బం వినండి. గిటారు ఒక వరుస పలికితే, బృందంలోని యానె విర్మన్ కీబోర్డు దాన్ని అందుకుని జవాబు చెబుతుంది. గాయకుడు కల్పనస్వరం వేస్తే వయొలిన్ తిరిగి పలికినట్టే ఉంటుంది. పైన అరుపు లేకపోతే మా నాన్నగారు కూడా తల ఊపేవారు.

టాపియోలా నుంచి:

నాలుగోసారి కాదు, మూడోసారి. కోర్టు ఖర్చు ఎవరు పెడతారు తమ్ముడూ? అదీగాక కన్సర్వేటరీ ఊలులో అయితే పిల్లాడు ఎస్పో నుంచి రోజూ ఆరు వందల కిలోమీటర్లు ఎలా వెళ్ళాడు?

లెప్పావారా నుంచి:

ఓలుంక్యులా అన్నాను, ఊలు అనలేదు. ఓలుంక్యులా హెల్సింకిలో ఒక పేట. పదహారేళ్ళుగా ఉన్నారు మీరు!

మాటిన్‌క్యులా నుంచి, 9 ఏళ్ళు:

అడిగినదానికి ఒక్కరైనా జవాబు చెప్పారా? అమ్మా, 'హెల్మెట్' అనే గ్రంథాలయ కార్డు తీసుకోండి. హెల్సింకి, ఎస్పో, వంటా, కౌనియైనెన్ గ్రంథాలయాలన్నిటికీ అదే కార్డు. కొన్ని గ్రంథాలయాల్లో పుస్తకంలాగే గిటారునూ అరువిస్తారు, డబ్బు తీసుకోరు. హెల్సింకిలో 2018 డిసెంబరులో తెరిచిన ఓడి గ్రంథాలయంలో సంగీతం వాయించుకోవడానికి గదులే ఉన్నాయి. ఇంట్లో అయితే మామూలుగా రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నిశ్శబ్దం పాటించాలి. ఏ భవనానికి ఆ భవనం నియమాలుంటాయి, కింద మెట్ల దగ్గర కాగితం అంటించి ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటారుకు హెడ్‌ఫోను తగిలిస్తే పక్కింటి వారికి ఏమీ వినబడదు. మీకూ వినబడదు.

టాంపెరె నుంచి, 20 ఏళ్ళు:

గిటారు సరే. ఆ మనిషి ఎలా పోయాడో ఎవరూ చెప్పరేం? 2020 డిసెంబరు 29న, 41 ఏళ్ళకే. మద్యం వల్ల కాలేయం, క్లోమం దెబ్బతిని. పిల్లలకు ఇలాంటివారిని ఆదర్శంగా చూపించడం నాకు నచ్చదు. హాయిగా కర్ణాటక వయొలిన్ నేర్పించండి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమాను విన్న చెవులకు ఇదేం సంగీతం?

లెప్పావారా నుంచి:

అయ్యా, వాయిద్యం వేరు, వ్యసనం వేరు. ఆ కబురు 2021 జనవరిలో బయటికి వచ్చిన రోజు మా ఆఫీసులో యాభై దాటిన అకౌంటెంటు గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ దేశంలో ఈ సంగీతం కుర్రాళ్ళ పిచ్చి మాత్రమే కాదు. 2003లో ఆ బృందం ఆల్బం 'హేట్ క్రూ డెత్‌రోల్' ఇక్కడి అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది. 2015లో హెల్సింకి ఉత్సవాల్లో లైహో వంద మంది గిటారు కళాకారులను ఒకే వేదిక మీద నిలబెట్టాడు. నాకైతే ఆఖరి ఘట్టమే బాధ. 2019 డిసెంబరు 15న హెల్సింకిలో 'చిల్డ్రన్ ఆఫ్ బోడమ్' చివరి కచేరీ. బృందం పేరు మీద హక్కు మిగతా ముగ్గురి చేతిలో ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళు ముందు నిలబడి పాడిన మనిషి, తన కొత్త బృందానికి 'బోడమ్ ఆఫ్టర్ మిడ్‌నైట్' అని వేరే పేరు పెట్టుకోవలసి వచ్చింది. దాని పాటలు 2021 ఏప్రిల్‌లో, ఆయన పోయాక విడుదలయ్యాయి.

టాపియోలా నుంచి:

చూశారా? మళ్ళీ కాగితమే! నేను మొదటినుంచీ చెబుతున్నది అదే.

కిలో నుంచి:

అందరికీ చాలా ధన్యవాదాలండీ. మాది తోయిస్తైసెక్సి అని తేలింది, మావారు ఊపిరి పీల్చుకున్నారు. హెల్మెట్ కార్డుకు నివాస అనుమతి కార్డు చూపిస్తే సరిపోతుందా, ఇంకేమైనా కావాలా? ఆదివారం బోడమ్ చెరువుకు తీసుకెళ్ళమంటున్నాడు అబ్బాయి. అక్కడ 1960లో గుడారం వేసుకున్న నలుగురు పిల్లల్లో ముగ్గురిని ఎవరో చంపారని, ఇప్పటికీ తేలలేదని వాడే చెప్పాడు. పగలు వెళ్ళి పగలే వస్తాం. మీ జవాబులన్నీ వాడికి చదివి వినిపించాను. అంతా విని, "2003 నుంచి 2015 వరకు లైహో పక్కన గిటారు వాయించిన రూపె లత్వాలా పేరు ఒక్కరూ ఎత్తలేదేం?" అన్నాడు.